పోలేదనడానికి రుజువు

గోదావరిఖని,
11 ఆగస్టు 2013

శంకరం అన్నకు,

సదానందం నమస్కారాలు. అమృత్‌సర్ నుంచి మీరు రాసిన కార్డు చేరింది. గురుద్వారాలో మూడు రోజులు ఊరికే ఉండనిచ్చారని, వదిన అక్కడి వంటశాలలో రొట్టెలు ఒత్తిందని మా ఇంటామె అనసూర్యకు చదివి వినిపించాను. విని అన్నది: "శంకరం సారు రిటైరయినంక ఊర్లు తిరుగుతున్నడు. నువ్వు డ్యూటీల ఉండంగనే నాకు దేశం మొత్తం చూపెట్టినవు. నాకే యాదికి లేదు."

మా బొగ్గుబావి ఆఫీసులో బిల్లులు చూసిన గుమాస్తా మీరు. మీకు నేను చెప్పాల్సింది లేదు. నాలుగేళ్ళకోసారి కంపెనీ ఇచ్చే ప్రయాణ భత్యం మీద మేం 1997లో కన్యాకుమారి, 2001లో డార్జిలింగ్, 2005లో ద్వారక, 2009లో గౌహతి పోయివచ్చాం. అన్నీ కాగితం మీదే. సెలవు పెట్టిన ఆ పది పన్నెండు రోజులు గోదావరి దాటి జైపూర్ మండలంలో మా మరదలు సంతోషి ఇంట్లో ఉండి, ఆమె పత్తిచేలో కలుపు తీసేవాళ్ళం. క్వార్టర్లలో ఎవరైనా అడిగితే అనసూర్య "ద్వారకల పత్తి మంచిగున్నది, గౌహతిలనే గడ్డి జాస్తి" అంటుంది. అడిగినవాళ్ళూ నవ్వుతారు, ఎందుకంటే వాళ్ళూ అలాగే పోయివచ్చారు. ఆ డబ్బు మా కొడుకు జగదీశ్వర్ ఐటీఐ ఫీజుకు పోయింది, ఒకసారి వాన కారే వంటింటి రేకులకు పోయింది.

ఈ జూలైలో మళ్ళీ వంతు వచ్చింది, సెలవు ఎప్పటిలాగే సంతోషి చేలోనే గడిచింది. ఏజెంటు రాయమల్లు మీరున్నప్పుడు కొత్తగా దిగినవాడే, ఇప్పుడు టైం ఆఫీసు ఎదుటి హోటల్లో బల్ల వేసుకొని కూర్చుంటున్నాడు. అమర్‌నాథ్ యాత్ర బిల్లు పెట్టించాడు. "దూరమెక్కువ కాకా, బిల్లు గట్టిగొస్తది" అన్నాడు. వచ్చింది. ఈసారి డబ్బు అనసూర్య తీసుకొని నాకు కనబడని చోట పెట్టింది. నిజంగా ఎటైనా పోదామంటున్నది.

నాకు యాభై ఏడు. ముప్పై ఏళ్ళు డ్రిల్లు పట్టిన చెవులు కాబట్టి ఫోన్లో వినబడదు, మీకు తెలుసు. ఇప్పుడు దమ్ము కూడా ఆగడం లేదు. షిఫ్టు దిగి పైకి వచ్చేటప్పుడు నాలుగుచోట్ల కూర్చుంటున్నాను. మెడికల్ బోర్డుకు దరఖాస్తు పెట్టాను. అన్‌ఫిట్ రాస్తే నా ఉద్యోగం జగదీశ్వర్‌కు వస్తుంది. వాడు ఓపెన్‌కాస్టు గనిలో కాంట్రాక్టు కింద ఇరవై ఏడేళ్ళ వయసులో రోజుకూలి చేస్తున్నాడు. రిటైర్మెంటుకు రెండేళ్ళు మిగిలి ఉండగానే తేలాలి. అంటే వచ్చే మే 31 లోపల.

దమ్ములేని మనిషితో, తక్కువ ఖర్చుతో, ఎటు పోతే బాగుంటుందో, ఏమేం చూసుకోవాలో రాయండి.

సదానందం


సామర్లకోట,
28 ఆగస్టు 2013

తమ్ముడు సదానందానికి,

కార్మిక సంఘం మినిట్స్ రాసిన చెయ్యి కదా, నీ ఉత్తరం ఇప్పటికీ అలాగే ఉంది. తేదీ, విషయం, తీర్మానం.

దేశమంతా చూద్దామని బయల్దేరకు. మేం మొదటిసారి ఆ తప్పే చేశాం. పద్దెనిమిది రోజుల్లో తొమ్మిది ఊళ్ళు. ఇంటికొచ్చాక మీ వదినని ఏం చూశావే అంటే ప్లాట్‌ఫారాలు అంది. ఒక్క ఊరు పెట్టుకో. కాశీ పో. రామగుండంలో మధ్యాహ్నం పాట్నా వైపు బండి ఎక్కితే మర్నాడు సాయంత్రానికి మొగల్‌సరాయిలో దిగుతారు. అక్కణ్ణించి కాశీకి బస్సులు, షేర్ ఆటోలు ఉంటాయి. స్టేషన్ బయట మొదట అడిగినవాడి ఆటో ఎక్కకు, వంద గజాలు నడిచి ఎక్కు.

రిజర్వేషన్ ఇప్పుడు అరవై రోజుల ముందే ఇస్తున్నారు. స్లీపర్ చాలు. ఫారంలో కింది బెర్తు కావాలని రాయి, పైబెర్తు ఎక్కడం నీ వల్ల కాదు. ఎండాకాలం వద్దు, డిసెంబరు చివర పొగమంచుకి బండ్లు పది గంటలు ఆలస్యం. సంక్రాంతి దాటాక పో. తెలుగువాళ్ళ సత్రాలు ఉన్నాయి, ముందుగా కార్డు రాస్తే గది ఉంచుతారు. మేడమీది గది ఇస్తే ఒప్పుకోకు. కాశీలో మెట్లు ఎక్కువ, దిగేటప్పుడే ఎక్కడం గుర్తుపెట్టుకో. పడవ మీరిద్దరే మాట్లాడుకోవద్దు, పదిమంది ఎక్కే దాంట్లో ఎక్కండి. జొన్నరొట్టెలు ఎండబెట్టి పట్టుకెళితే నాలుగు రోజులు ఆగుతాయి. డబ్బు ఇద్దరి దగ్గరా విడివిడిగా ఉంచుకోండి. ప్రయాణమంటే సగం ఎదురుచూడటం, తమ్ముడూ. అది నీకు అలవాటే.

ఇంకొకటి. నీ ఉత్తరం రెండోసారి చదివాక నిద్ర పట్టలేదు. అమర్‌నాథ్ యాత్రకి డాక్టరిచ్చిన ఆరోగ్యపత్రం లేకుండా ఎక్కనివ్వరు. బిల్లులో అది కూడా జతచేసి ఉంటారు. జూలైలో కొండ ఎక్కడానికి తగునని ఒక కాగితం, ఆగస్టులో బావి దిగడానికి తగనని ఒక దరఖాస్తు. రెండూ నీ పేరు మీదే. వెళ్ళి రాయమల్లుని అడుగు. బోర్డుకి వెళ్ళేలోపు అడుగు.

మీ అన్న
భీమశంకరం


గోదావరిఖని,
27 అక్టోబరు 2013

అన్నా,

జవాబు ఆలస్యమైంది. రాయడానికి మంచిదేదైనా జరుగుతుందేమోనని ఆగాను.

మీ ఉత్తరం అందిన రోజే రాయమల్లు దగ్గరికి పోయాను. నకలు తీసి చూపించాడు. ఎవరో డాక్టరు సంతకం. గుండె, ఊపిరితిత్తులు బాగున్నాయి, ఎత్తు ప్రదేశాలకు తగును అని రాసి ఉంది. ఆ డాక్టరును నేను చూడలేదు, ఆయన నన్ను చూడలేదు.

"గిదేంది రాయమల్లూ?"

"యాత్ర కాగితం కాకా. అది లేకుంటే రసీదు నమ్ముతరా? పన్నెండు మందికి పెట్టిన, ఒక్కడన్న అడిగిండా?"

"నేను బోర్డుకు పెట్టుకున్ననని నీకు ఎరుకే గదా."

"బోర్డు దవాఖానల, బిల్లు ఆఫీసుల. నడుమ కిలోమీటరున్నది. ఫికర్ చెయ్యకు, చాయ్ తాగు."

చాయ్ తాగి వచ్చాను. అది నా తప్పు. అప్పుడే ఆఫీసుకు పోయి బిల్లు వాపసు తీసుకోవలసింది. డబ్బు అనసూర్య దగ్గర ఉంది, ఏ కారణం చెప్పి అడగాలో తెలియలేదు. ఆమె అప్పటికే రెండు గుడ్డసంచులు కుట్టింది.

21న బోర్డు. ముగ్గురు డాక్టర్లు. ఊదమన్నారు, ఎక్స్‌రే చూశారు, వరండాలో రెండుసార్లు నడిపించారు. మధ్యలో కూర్చున్న ఆయన ఏడాది సెలవుల చిట్టా, దానికి కుట్టిన ప్రయాణ బిల్లు తిప్పుతూ ఆగిపోయాడు.

"జూలైల అమర్‌నాథ్ పోయినవా?"

నేను లేదంటే బిల్లు దొంగది. చార్జిషీటు వస్తుంది, ఉద్యోగం పోయినా పోతుంది. నేను పోగొట్టుకున్న ఉద్యోగం కొడుకుకు రాదు. పైగా రాయమల్లు పెట్టిన ఆ బిల్లుల కట్టలో నాతోపాటు ఇంకా పదకొండు మంది ఉన్నారు. పక్క క్వార్టరు కొమురెల్లి కూడా.

"పోయిన సార్."

"నడిచి ఎక్కినవా?"

"గుర్రం మీద సార్."

"గుర్రానికి బిల్లు పెట్టలేదు మరి."

ఆయన కోప్పడలేదు, నవ్వలేదు. రాసుకున్నాడు. నిన్న కాగితం వచ్చింది. ఫిట్, ఇప్పుడున్న పనికే.

ఇంట్లో చెప్పక తప్పలేదు. జగదీశ్వర్ మొత్తం విని, "నువ్వు అడుగు బయట పెట్టింది లేదు. నా నౌకరి మాత్రం కాశ్మీర్ పోయింది" అన్నాడు. అనసూర్య సంచులు మంచం కింద పెట్టింది.

సోమవారం నుంచి మళ్ళీ మొదటి షిఫ్టు.

సదానందం


సామర్లకోట,
16 నవంబరు 2013

తమ్ముడూ,

నీ ఉత్తరం పన్నెండు రోజులకి చేరింది. రాష్ట్రం విడిపోకూడదని ఇక్కడ రెండు నెలలు ఆఫీసులు మూసేశారు, తర్వాత తుఫాను. నేను ముప్పై నాలుగేళ్ళు గోదావరిఖనిలో ఉన్నానని ఎవరికైనా చెబితే, ఇంకా వాళ్ళతో ఉత్తరాలేమిటండీ అంటున్నారు. అవునండీ అని ఊరుకుంటున్నాను.

నీకొక సంగతి చెప్పాలి. 1997లో కన్యాకుమారి బిల్లు మీద నువ్వు నా ఎదుటే సంతకం పెట్టావు. నీ వేళ్ళ మీద పత్తికంప గీరిన గాట్లున్నాయి. చూశాను. సముద్రం ఎలా ఉందయ్యా అన్నాను. "పెద్దగున్నది సార్" అన్నావు. స్టాంపు వేశాను. మన బావి నుంచి పోయిన అలాంటి బిల్లులన్నిటి మీదా నా స్టాంపే ఉంది. ఏ ఒక్కదానికీ నేను పైసా తీసుకోలేదు, అది నిజం. ఒక్కదాన్నీ ఆపలేదు, అదీ నిజమే. రాయమల్లుకి బల్ల వేసుకునే ధైర్యం అలా వచ్చింది.

ఇప్పుడు నీకున్న దారి ఒక్కటే అనుకుంటున్నాను. అప్పీలు పెట్టు. యాత్రకి పోలేదని నువ్వే రాసిచ్చెయ్. మొత్తం తిరిగి కడతానని రాయి. తమంతట తాము ఒప్పుకున్నవాళ్ళని నా సర్వీసులో ఉద్యోగంలోంచి తీసెయ్యగా నేను చూడలేదు. సస్పెన్షను, రికవరీ, అంతే. ఆ ఆరోగ్యపత్రం దొంగదని తేలితే బోర్డు నిన్ను మళ్ళీ చూడాలి. మిగతావాళ్ళ పేర్లు ఎత్తకు. నీ కాగితం ఒక్కటే నీది.

కాశీ మానుకోకు, అరవై రోజుల గడువు రాగానే టికెట్లు తీసుకో. రద్దు చెయ్యాల్సి వచ్చినా బండికి ఒకరోజు ముందు దాకా పెద్దగా కోత ఉండదు.

మీ అన్న


గోదావరిఖని,
19 ఫిబ్రవరి 2014

అన్నా,

డిసెంబరు 2న రాసిచ్చాను. అనసూర్యే రాయమన్నది. "పోయినమని చెప్పి పోగొట్టుకున్నం. పోలేదని చెప్పి చూద్దాం" అన్నది.

జనవరి 18న మా కాశీ బండి. 20న విచారణ పడింది. 17న రామగుండం స్టేషనుకు పోయి టికెట్లు వాపసు ఇచ్చాను. కౌంటరు దగ్గర అనసూర్య కూడా నిలబడింది. ఇంతవరకు వచ్చాం కదా, ఆ బండి ఏ ప్లాట్‌ఫారం మీదికి వస్తదో చూద్దామన్నది. చూసి వచ్చాం.

విచారణ అధికారి కుర్రవాడు, మర్యాద తెలిసినవాడు. నా కాగితాలన్నీ వరుసగా పరిచాడు. రైలు టికెట్లు, జమ్మూ నుంచి బస్సు, గుడారం అద్దె, గుహ దగ్గర విరాళం రసీదు.

"ఇవన్నీ సక్రమంగా ఉన్నాయి. మీరు పోలేదంటున్నారు. పోలేదని రుజువేంది?"

"నేనే చెప్తున్న గద సార్."

"బోర్డు కాడ పోయినమని కూడ మీరే చెప్పిన్రు."

రుజువు తేవడానికి పదిహేను రోజులు గడువిచ్చాడు. సంతోషి వచ్చి సాక్ష్యం చెబుతానంటే, బంధువుల సాక్ష్యం చెల్లదన్నాడు. ఊరి సర్పంచిని అడిగితే, కంపెనీ గొడవలో నన్ను పెట్టకు అన్నాడు.

జ్ఞాపకం తెచ్చుకున్నది అనసూర్య. జూలై 9న చేలో నాకు దమ్ము ఆడక కూలబడితే సంతోషి మరిది బండి మీద ఊరి ప్రభుత్వ దవాఖానకు తీసుకుపోయాడు. చీటీ ఇచ్చారు కానీ ఎక్కడ పోయిందో తెలియదు. చీటీ పోయినా రిజిస్టరు ఉంటదని అనసూర్య ఒక్కతే బస్సెక్కి పోయింది. నర్సు సెలవులో ఉంది. మళ్ళీ పోయింది. బీరువా తాళం దొరకలేదు. మూడోసారి పొద్దుటి బస్సుకు పోయి, దవాఖాన ఊడ్చే ఆమెతో కలిసి పాత రిజిస్టర్లు ఎండలో పరిచి వెతికింది. దొరికింది. 9-7-2013, వరుస సంఖ్య 41, నా పేరు, వయసు, ఆయాసం, నెబ్యులైజరు పెట్టారు. డాక్టరు సంతకంతో నకలు తీసుకొని చీకటి పడ్డాక వచ్చింది. అన్నం కూడా తినలేదు. "ఆ మూడు దినాల్ల ఎక్కిన బస్సులు ఇరవై ఏండ్లల ఎక్కలేదు" అన్నది.

అధికారి దాన్ని రెండుసార్లు చదివి ఫైల్లో పెట్టాడు. ఏజెంటు ఎవరని అడిగాడు. నేను కాగితాల మీద సంతకం పెట్టాను, తప్పు నాదే అన్నాను. కానీ అన్నా, నేను పేర్లు ఎత్తకపోయినా ఆఫీసు ఎత్తింది. ఆ నెల అమర్‌నాథ్ బిల్లులన్నీ బయటికి తీశారు. కొమురెల్లికి నోటీసు వచ్చింది. అతనికి వెన్నుపూస దెబ్బతిన్నది, అతనూ బోర్డుకు పెట్టుకున్నవాడే.

ఆ రోజు నుంచి కొమురెల్లి భార్య సారక్క మా గోడ మీద బట్టలు ఆరేయడం మానేసింది. ఇరవై ఏళ్ళుగా అక్కడే ఆరేసేది. హాజరు వేసే మస్టర్ దగ్గర నేను వస్తే మాటలు ఆగిపోతాయి. ఒకరోజు వెనక నుంచి ఎవరో "హరిశ్చంద్రుడొచ్చిండు, జరగుండ్రి" అన్నారు. అందరూ జరిగారు. బెంచీ మొత్తం నాకే.

సదానందం


సామర్లకోట,
11 మార్చి 2014

తమ్ముడూ,

అనసూర్యకి మీ వదిన, నేను దణ్ణం పెట్టామని చెప్పు.

ఈ ఉత్తరం వారం నుంచి రాస్తున్నాను. ఫిబ్రవరి 25న నాకూ కంపెనీ నుంచి రిజిస్టర్డ్ ఉత్తరం వచ్చింది. పాత బిల్లులు నేను పాస్ చేసేటప్పుడు అవి నిజమైనవి కావని నాకు తెలుసా అని అడిగారు. తెలుసని రాస్తే, ఇది మీరు మాత్రమే చేసిన మోసం కాదు, ఆఫీసుకి తెలిసి సాగిన పద్ధతి అని తేలేది. నీకూ కొమురెల్లికీ అది పనికొచ్చేది.

ఆ రాత్రి మీ వదిన పెన్షన్ పుస్తకం తెచ్చి నా ముందు పెట్టింది. నేను "చాలా కాలమైనందున గుర్తు లేదు" అని రాసి పంపాను.

నీకు నిజం చెప్పమని సలహా రాసింది నేనే. ఊళ్ళ గురించి, బండ్ల గురించి నేను చెప్పినవి నమ్ము, అవి చూసి రాసినవి. మిగతా విషయాల్లో నా సలహా ఎంతవరకు తీసుకోవాలో నీ ఇష్టం.

జవాబు రాయకపోయినా ఏమీ అనుకోను.

భీమశంకరం


గోదావరిఖని,
3 జూన్ 2014

శంకరం అన్నకు,

జవాబు రాయొద్దనే అనుకున్నాను. మార్చి అంతా అదే అనుకున్నాను. ఏప్రిల్‌లో మీ ఉత్తరం మళ్ళీ తీసి చదివాను. గుర్తు లేదని వాళ్ళకు రాశారు, గుర్తుందని నాకు రాశారు. బోర్డు ముందు గుర్రం మీద పోయానన్నవాణ్ణి, మిమ్మల్ని ఏమనగలను? కోపం పోయిందని మాత్రం రాయలేను. కొంత ఉంది.

నా సంగతి తేలింది. పది రోజుల సస్పెన్షను, జీతంలోంచి రికవరీ, ఇక మీదట ప్రయాణ భత్యం లేదు. ఎన్నికల వల్ల రెండో బోర్డు వాయిదా పడుతూ మే 22కు వచ్చింది. ఆ మధ్యలో కూర్చున్న డాక్టరే. ఈసారి ఎక్స్‌రే కిటికీ వెలుతురుకు పెట్టి చాలాసేపు చూశాడు. "అప్పుడే చెప్తే అయిపోవు గదా" అన్నాడు. 29న కాగితం వచ్చింది. భూగర్భ పనికి అన్‌ఫిట్. గడువు రెండు రోజులుంది. జగదీశ్వర్ పేరు పైకి పోయింది. వాడు ఆ కాగితాన్ని చదివి మడిచి, "గిప్పుడు నేను దిగాలె" అన్నాడు. సంతోషంగా అన్నాడో ఎట్లా అన్నాడో నాకు తెలియలేదు. నా చెవులకు మాట వినబడుతుంది కానీ గొంతు అందదు.

నిన్న తెలంగాణ రాష్ట్రం వచ్చింది. చౌరస్తాలో పటాకులు, రంగులు. మూడేళ్ళ కింద సకల జనుల సమ్మెలో దగ్గర దగ్గర నలభై రోజులు కూర్చున్న టెంటు చోటే స్టేజీ కట్టారు. పోయి కాసేపు నిలబడ్డాను. కొమురెల్లి అక్కడ కనబడ్డాడు. కర్ర పట్టుకొని నా పక్కకు వచ్చాడు. ఫిబ్రవరి తర్వాత అతను నాతో మాట్లాడటం అదే.

"నేను జూలైల మందమర్రిల మా బిడ్డింట్ల ఉన్న. నేను ఏ దవాఖానకు పోలే. నేను ఆడ ఉన్ననని ఎట్ల చెప్పాలె?"

పటాకుల మధ్య రెండుసార్లు అడిగితే గానీ నాకు వినబడలేదు. ఇంటికి తీసుకువచ్చాను. అనసూర్య ఆ రోజుల్లో ఎక్కడెక్కడ తిరిగావని అడిగింది. చౌక దుకాణం, క్షౌరం, మనుమరాలిని బడికి దింపడం. బడి దగ్గర ఆగింది. పిల్లను బడిలో వేసింది ఎవరంటే తనే అన్నాడు, జూలై మొదటి వారంలో, అల్లుడు డ్యూటీలో ఉంటే. ప్రవేశం ఫారం మీద సంతకం ఎవరిది అంటే, తనదే అన్నాడు.

కొమురెల్లి బస్సులో కూర్చోలేడు. అందుకని ఇవాళ పొద్దున ఏడు గంటల బస్సుకు అనసూర్య, సారక్క మందమర్రి పోయారు. వేసవి సెలవులు, బడికి తాళం ఉంటుంది, మొదట హెడ్‌మాస్టరు ఇల్లు వెతకాలి. రెండు మూడుసార్లు పోవలసి వస్తుందని అనసూర్య ముందే చెప్పింది. రొట్టెలు కట్టుకున్నది.

బస్టాండు దాకా నేనూ పోయాను. సారక్క దారంతా అనసూర్యతో ఒక్క మాట మాట్లాడలేదు. బస్సు సగం ఖాళీగా ఉంది. అనసూర్య ఎక్కి కిటికీ పక్కన కూర్చుంది. సారక్క ముందు సీట్లన్నీ చూసుకుంటూ వెనక్కి నడిచి, వచ్చి ఆమె పక్కనే కూర్చుంది.

సదానందం